బొగ్గుకు ముందు వార్త

గోదావరిఖనిలో పెరిగినవారికి బొగ్గుబాయి సైరన్ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. షిఫ్టు మారే వేళ అది ఒక్కసారి కూసినదంటే, బాయిలోకి దిగవలసినవాడు టిఫిను డబ్బా అందుకొంటాడు. బయటికి రావలసినవాని ఇల్లాలు పొయ్యి రాజేస్తుంది. బజారులోని హోటలువాడు చాయ గిన్నె పొయ్యిమీదికి ఎక్కిస్తాడు. ఒక్క కూత, పదిమందికి ఒకే వార్త. దానిని ఎవరూ అడిగి తెలిసికొనవలసిన పని లేదు. తమవద్దనే దాచుకొనడానికి ఎవరికీ వీలు లేదు. వార్తను ఇంత చవకగా, ఇంత నిష్పక్షపాతంగా పంచిన సాధనం మరొకటి ఆ పట్టణంలో లేదనవచ్చును.

ఈ బొగ్గు సీమలో గనులు, రైలుమార్గాలు, విద్యుత్కేంద్రాలు, ఎరువుల కర్మాగారం ఒకదాని వెంట ఒకటి వెలసినవి. ఒకరి సరుకు మరొకరికి ముడిసరుకు. ఒకరి పని ఆగితే మరొకరి పొయ్యి ఆరుతుంది. ఇట్టి సంబంధాన్నే నేటి వాణిజ్య శాస్త్రజ్ఞులు సరఫరా గొలుసు అంటున్నారు. గొలుసు అనగానే తెలంగాణలో పుట్టినవారికి గొలుసుకట్టు చెరువులు గుర్తుకు వస్తవి. పై చెరువు నిండి మత్తడి దుమికితే ఆ నీరే కింది చెరువుకు చేరుతుంది. కాని నీరు ఒక్కటే దిగితే చాలదు; నీరు వస్తున్నదన్న కబురు నీటికంటె ముందుగా దిగవలెను. ఆ కబురు అందినచో కింది ఊరి నీరటికాడు తూము సరిచూసుకొంటాడు, కట్టమీద కాపలా పెట్టిస్తాడు. అందనిచో బతుకునివ్వవలసిన నీరే కట్టను తెంచుకొని పోతుంది. బొగ్గు సంగతీ ఇంతే. బొగ్గు నడిచిన దారి మనకు పటాలలో కనబడుతున్నది. వార్త నడిచిన దారి కనబడదు. ఆ రెండవ దారి చరిత్రను కొంత వివరించుటే ఈ ప్రసంగ ప్రయోజనం.

కథ ఇల్లెందులో ఆరంభమవుతున్నది. 1871లో భారత భూగర్భ పరిశోధన శాఖకు చెందిన డాక్టర్ విలియం కింగ్ అక్కడి బొగ్గు ఉనికిని గుర్తించినాడు. 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి గనుల హక్కులు లభించినవి. 1889లో తవ్వకం మొదలైనది. గమనించదగిన విషయమేమనగా, బొగ్గు పైకి రాకముందే దానికి దారి సిద్ధమైనది. డోర్నకల్లునుండి గనులదాకా శాఖా రైలుమార్గం 1888 నాటికే వచ్చినది. సమీపంలోని సింగరేణి పల్లె పేరు గనులకు పాకి, 1920లో సింగరేణి కాలరీస్ కంపెనీ అన్న నామధేయంగా స్థిరపడినది.

ఆనాటి గొలుసులో కడియాలు రెండే: ఒకటి గని, రెండవది రైలు. నిజాం గ్యారంటీడ్ రైల్వే బొగ్గును మోసేది. మోసిన బొగ్గులో పెద్ద పాలు తన ఇంజనులలోనే కాల్చేది. మోసేవాడూ కొనేవాడూ ఒక్కడే అయినప్పుడు వార్తకు పెద్ద ఏర్పాటు అక్కరలేదు. పట్టాల వెంటనే తంతి తీగ సాగుతుండేది. ఎన్ని పెట్టెలు నిండినవో గని గుమాస్తా రాసుకొనేవాడు. ఎన్ని పెట్టెలు అందినవో స్టేషను మాస్టరు రాసుకొనేవాడు. ఆ రెండు పుస్తకాలు కలిస్తే వ్యవహారం తీరినట్లే. ఇక గుణం మాట. ఆవిరి ఇంజనుకు పెద్ద గడ్డల బొగ్గు కావలెను, పొడి పనికిరాదు. గడ్డ యేదో పొడి యేదో కంటికి కనబడుతుంది. కనుక ఆ కాలపు కొలతలు రెండే: బరువు, గడ్డ. ఒకటి కాటా చెబుతుంది, ఇంకొకటి కన్ను చెబుతుంది. తగాదాకు చోటు తక్కువ.

1929 నాటికి కాజీపేట బల్లార్షల నడుమ రైలుమార్గం పూర్తయి, ఉత్తర దక్షిణ భారతాలను కలిపినది. ఆ దారిలోనిదే రామగుండం స్టేషను. 1945లో నిజాం ప్రభుత్వం కంపెనీ వాటాలలో అధికభాగం కొనుటతో సింగరేణి ప్రభుత్వ సంస్థ అయినది. తరువాత 1960లో రాష్ట్ర, కేంద్ర ప్రభుత్వాలు దానిలో భాగస్వాములైనవి; నూటికి 51 వాటాలు రాష్ట్రానివి, 49 కేంద్రానివి. 1960 దశకంలో గోదావరి ఒడ్డున రామగుండం వద్ద కొత్త బాయిలు వరుసగా తెరచినారు. పల్లెలనుండి కూలీలు తట్టా చెమ్మసు పట్టి తరలివచ్చినారు. నది పేరును, గని మాటను కలుపుకొని గోదావరిఖని అనే ఊరు వెలసినది.

ఈ ఊరి చుట్టూ గొలుసు పెరిగిన తీరు చూడండి. 1971లో రామగుండంలో 62.5 మెగావాట్ల రాష్ట్ర విద్యుత్కేంద్రం వెలిగినది. 1980లో భారత ఎరువుల సంస్థ కర్మాగారం ఉత్పత్తి ఆరంభించినది. అది బొగ్గును వాయువుగా మార్చి, ఆ వాయువునుండి యూరియా చేసే కర్మాగారం. 1978 నవంబరు 14న ప్రధానమంత్రి మొరార్జీ దేశాయి శంకుస్థాపన చేసిన జాతీయ థర్మల్ విద్యుత్ సంస్థ వారి కేంద్రం 1983లో తొలి యూనిట్‌ను నడిపినది. 2004 నాటికి ఆ కేంద్రం ఏడు యూనిట్లతో 2,600 మెగావాట్ల స్థాయికి చేరినది. మరొక వంక రైల్వేలో ఆవిరి ఇంజనులు తగ్గుతూ, 1990 దశకం నాటికి దాదాపు కనుమరుగైనవి. ఒకప్పుడు కొనుగోలుదారుగా ఉండిన రైల్వే ఇప్పుడు కేవలం మోసేవాడుగా మిగిలినది.

దీనితో అడగవలసిన ప్రశ్నయే మారిపోయినది. విద్యుత్కేంద్రం గడ్డను చూడదు. అది బొగ్గును పిండివలె విసిరి కొలిమిలోకి ఊదుతుంది. దానికి కావలసినది వేడి. అడ్డమైనది బూడిద, తేమ. ఈ మూడింటిలో ఏదీ కంటికి కనబడదు. ప్రయోగశాలలో చిటికెడు పొడిని కాల్చి చూస్తేగాని తెలియదు. కాటాకు, కంటికి అందే వార్తతో నడిచిన వ్యాపారం, నిపుణుడు చెబితేగాని తెలియని వార్తమీద ఆధారపడవలసి వచ్చినది. ఈ సీమ చరిత్రలో ఇది పెద్ద మలుపు.

బాయి లోపల వార్తను పంచుకొనే విధి ఎంత కఠినమైనదో ఇక్కడ తలచుకొనవలెను. 1952 నాటి గనుల చట్టం, 1957 నాటి బొగ్గుగనుల నిబంధనలు ఈ విషయంలో సందేహానికి తావివ్వలేదు. ఒక షిఫ్టు సర్దారు తాను చూసిన పైకప్పు, గాలి, నీరు, గ్యాసు సంగతులు పుటలు లెక్కవేసి కుట్టిన పుస్తకంలో రాసి సంతకం చేయవలెను. తరువాతి షిఫ్టువానికి ఆ రాతయే కన్ను. పాత పనుల పటాలు భద్రపరచి, పక్క గనితో సరిహద్దు వద్ద ఎంత గోడ వదిలినదీ తెలియజేయవలెను. ఈ నియమాలు ఎంత అవసరమో తరువాతి ప్రమాదాలు చూపినవి. 1975 డిసెంబరు 27న ధన్‌బాద్ సమీపాన చాస్‌నాలా గనిలోకి, పాత పనులలో నిలిచిన నీరు గోడ పగిలి దూకగా 375 మంది ప్రాణాలు పోయినవి. మన గోదావరిఖనిలోనే 2003 జూన్ 16న ఏడవ ఎల్.ఇ.పి. గనిని నీరు ముంచెత్తి 17 మంది కార్మికులను పొట్టన పెట్టుకొన్నది. నేల కింద వార్త ప్రాణంతో సమానమని ఈ సీమకు ఎవరూ బోధించనక్కరలేదు.

కాని నేలమీద, ఒక సంస్థకూ మరొక సంస్థకూ నడుమ, ఇట్టి విధి చాలాకాలం లేదు. అక్కడ వార్త ఒక మర్యాద మాత్రమే. ఒక్కొక్కప్పుడు బేరం కూడా.

రామగుండం విద్యుత్కేంద్రం బొగ్గుగనుల ఒడిలోనే కట్టబడినది. దూరపు కేంద్రాలకు బొగ్గు సాధారణ రైళ్లలో వెళుతుంది. ఇచ్చట అట్లు గాక, విద్యుత్ సంస్థ గనులకు తన సొంత పట్టాలు వేసుకొన్నది. ఈ ఏర్పాటును ఇంగ్లీషువారు మెర్రీ గో రౌండ్ అన్నారు. మన జాతరలోని రంగులరాట్నమే. రైలు నిలువెత్తు బంకరు కిందికి మెల్లగా పాకుతూ వస్తుంది; ఆగకుండానే పెట్టెలు నిండుతవి. విద్యుత్కేంద్రం చేరి తొట్టిమీదుగా నడుస్తూండగా పెట్టెల అడుగులు తెరుచుకొని బొగ్గు జారిపోతుంది. పెట్టెలను విడదీయుట లేదు, కూర్చుట లేదు. ఖాళీ రైలు మరల గని దారి పడుతుంది.

ఈ పద్ధతి బ్రిటనులో 1960 దశకం మధ్యలో రూపొందినది. అక్కడ జాతీయ బొగ్గు బోర్డు, బ్రిటిష్ రైల్వే, విద్యుదుత్పాదన బోర్డు అనే మూడు ప్రభుత్వ సంస్థలు కలిసి కూర్చున్నవి. వారి తెలివి ఇనుప పెట్టెలోనే లేదు. గని ఎన్ని గంటలకు బంకరు నింపుతుందో, రైలు ఎప్పుడు వస్తుందో, కేంద్రం ఎంత కాల్చబోతున్నదో ముగ్గురూ ఒకే కాలపట్టికమీద రాసుకొనుటలో ఉన్నది. రంగులరాట్నానికి ఇరుసు ఆ పట్టికయే.

రామగుండం లెక్క వేసి చూద్దాము. ఒక యూనిట్ కరెంటుకు ఆరేడు వందల గ్రాముల బొగ్గు కావలెననుకొన్నచో, 2,600 మెగావాట్ల కేంద్రం పూర్తి శక్తితో ఒక దినం నడుచుటకు దాదాపు నలభై వేల టన్నుల బొగ్గు కావలెను. అది సాధారణమైన సరుకు రైళ్లు పదింటికి సమానం. ఇంత బొగ్గు నడకలో ఒక పూట మాట తప్పినచో ఏమగును? బంకరు నిండి రైలు రాకున్నచో గని కన్వేయరు ఆగవలెను. రైలు వచ్చి బంకరు ఖాళీగా ఉన్నచో ఇంజను, డ్రైవరు, పెట్టెలు అన్నీ పడిగాపులు. కేంద్రంలో ఒక యూనిట్ హఠాత్తుగా ఆగినచో వచ్చిన బొగ్గు కుప్ప పడుతుంది. కుప్ప పడిన బొగ్గు ఊరకుండదు. గాలి తగిలి తనలో తానే వేడెక్కి, వేడి కోల్పోయి, ఒక్కొక్కప్పుడు మంట పట్టుతుంది. కనుక ముగ్గురిలో ఏ ఒక్కరి సంగతి దాగినా నష్టం ముగ్గురిదీ.

పట్టాలు కలిసినంత సులభంగా లెక్కలు కలియలేదు. 1979నుండి దేశంలో ఈ జాతి బొగ్గును ఉపయుక్త ఉష్ణ విలువ అనే లెక్కతో తరగతులుగా విభజించినారు. ఆ సూత్రం సులభమైనది. బొగ్గులోని బూడిద, తేమల శాతాలను కూడి 138తో హెచ్చించి, వచ్చినదానిని 8,900నుండి తీసివేయవలెను. మిగిలినది కిలోకు ఇన్ని కిలోకాలరీలని లెక్క. బూడిద తేమలు కలిసి 40 శాతమైతే విలువ 3,380. అది ఇ తరగతి. ఏలయనగా ఆ తరగతి 3,360 పైన ఆరంభమగును. అదే 41 శాతమైతే విలువ 3,242; బొగ్గు ఎఫ్ తరగతికి దిగిపోయినది. నూటికి ఒక్క పాలు తేడా, ధర మారినది.

ఈ ఒక్క పాలు ఎక్కడినుండి వచ్చును? రైలులోని వేల టన్నులలోనుండి ప్రయోగశాలకు చేరేది గుప్పెడు పొడి. ఆ గుప్పెడు ఏ పెట్టెనుండి, ఎంత లోతునుండి, వానకు ముందా తరువాతనా తీసినదను దానిమీద అంకె ఆధారపడుతుంది. గనివద్ద తీసిన నమూనాలో రాయి తక్కువ పడవచ్చు; కేంద్రంలో తీసినదానిలో ఎక్కువ పడవచ్చు. ఇద్దరూ నిజాయితీపరులే కావచ్చు. ఇద్దరి అంకెలూ వేరు కావచ్చు. కాని అమ్మేవాడు తన అంకెను నమ్ముతాడు. కొనేవాడు తన అంకెను నమ్ముతాడు. ఒకే బొగ్గుకు రెండు జాతకాలు.

ఈ చిక్కుకు పెద్దలు కనిపెట్టిన ఉపాయం ఉమ్మడి నమూనా. ఇరుపక్షాలవారు కలిసి బొగ్గు తీస్తారు. దానిని నలగగొట్టి, కుప్పపోసి, నాలుగు పాళ్లు చేసి, ఎదురెదురు పాళ్లు ఉంచుకొంటూ తగ్గించుకొనిపోతారు. చివరకు మిగిలినదానిని పొట్లాలు కట్టుతారు. ఒకటి అమ్మినవానికి, ఒకటి కొన్నవానికి. మరొకటి ముద్రవేసి పక్కన పెట్టుతారు. ఇద్దరి ఫలితాలు కలియనిచో మూడవ పొట్లం విప్పవలెను. మన అంగడిలో రెండు కాటాల తేడా వచ్చినప్పుడు మూడవ కొట్టుకు పోయి తూయించే పద్ధతియే ఇది. గమనించండి, ఇక్కడ పంచుకొన్నది అంకెను కాదు. అంకె పుట్టే స్థలాన్ని. రెండు సంస్థలు ఒకదానికొకటి కాగితాలు పంపుకొన్నంతమాత్రాన సమాచారం పంచుకొన్నట్లు కాదు. కొలిచేచోట ఇద్దరూ నిలిచినప్పుడే అది పంచుకొన్న సమాచారం.

ఎరువుల కర్మాగారం కథ ఇదే పాఠాన్ని వేరొక విధంగా చెబుతున్నది. బొగ్గునుండి వాయువు చేసే యంత్రాలకు ఒక తీరుగా ఉండే బొగ్గు, తెగని కరెంటు, సరిపడిన నీరు ఒక్కసారిగా కావలెను. ఒరిస్సాలోని తాల్చేరులో దీని కవల కర్మాగారం ఉండినది. రెండూ పూర్తి శక్తిని అందుకొనలేకపోయినవి. యంత్రాల చిక్కులు, కరెంటు అంతరాయాలు, బొగ్గు గుణంలోని హెచ్చుతగ్గులు కలిసి వాటిని కుంగదీసినవి. 1999లో రామగుండం కర్మాగారం మూతపడినది. బొగ్గు పక్కనే ఉన్నది, కరెంటు పక్కనే ఉన్నది, గోదావరి పక్కనే ఉన్నది. అయినను ఫ్యాక్టరీ నిలువలేదు. సామీప్యం వేరు, సమన్వయం వేరు అనుటకు ఇంతకంటె నిదర్శనం అక్కరలేదు. ఆ స్థలంలోనే రామగుండం ఫెర్టిలైజర్స్ అండ్ కెమికల్స్ అను సంస్థ నెలకొల్పిన కొత్త కర్మాగారం 2021లో ఉత్పత్తి ప్రారంభించినది. అయితే అది బొగ్గుతో కాదు, సహజవాయువుతో నడిచేది.

వార్తను దాచవలెనన్న కోరిక మనిషికి ఎందుకు కలుగును? లోభం ఒక్కటే కారణం కాదు; భయం అంతకంటె పెద్ద కారణం. రేషను దుకాణానికి కిరోసిను తక్కువగా వచ్చిందన్న పుకారు పుట్టిన నాడు రెండు లీటర్లు కావలసినవాడు నాలుగు అడుగుతాడు. దుకాణదారు ఈ సంగతి ఎరిగి నాలుగు అడిగినవానికి రెండు పోస్తాడు. మరుమాసం అతడు ఎనిమిది అడుగుతాడు. అసలు అవసరం ఎంతో ఎవరికీ తెలియకుండా పోతుంది. 1961లో అమెరికా దేశపు ఆచార్యుడు జే ఫారెస్టర్ పరిశ్రమల గమనంపై రాసిన గ్రంథంలో ఈ ధోరణిని లెక్కలతో నిరూపించినాడు. చివరి కొనుగోలుదారు వద్ద పుట్టిన చిన్న కదలిక, ఒక్కొక్క కడియం దాటుతూ, మొదటి ఉత్పత్తిదారు వద్దకు చేరునప్పటికి పెద్ద ఊపుగా మారుతుంది. కడియాల నడుమ వార్త ఆలస్యమగుటయే దానికి మూలం.

మన బొగ్గు పంపకంలోనూ ఇది కనబడినది. చాలా ఏండ్లు బొగ్గు, విద్యుత్తు, రైల్వే శాఖల ప్రతినిధులు స్టాండింగ్ లింకేజీ కమిటీలో కూర్చుండి మూడు మాసాల కొకసారి ఏ కేంద్రానికి ఎంత బొగ్గో నిర్ణయించేవారు. కోత పడునన్న భయంతో అడిగేవాడు హెచ్చించి అడుగుట, ఇచ్చేవాడు తగ్గించి ఇచ్చుట సహజమే కదా. 2007 అక్టోబరులో వచ్చిన నూతన బొగ్గు పంపిణీ విధానం ఈ తీరును మార్చి, అమ్మేవానికి కొనేవానికి నడుమ ఇంధన సరఫరా ఒప్పందాలను ప్రవేశపెట్టినది. ఏడాదికి ఎంత, ఇవ్వకపోతే ఏమి, తీసుకొనకపోతే ఏమి అన్నది ముందే రాసుకొనవలెను. అబద్ధానికి వెల కట్టినప్పుడు నిజం చెప్పుట చవకైనది.

2012 జనవరినుండి ఉపయుక్త ఉష్ణ విలువ స్థానంలో స్థూల ఉష్ణ విలువ వచ్చినది. ఏడు తరగతులకు బదులు పదిహేడు. మూడేసి వందల కిలోకాలరీలకు ఒక మెట్టు. కొలత సూక్ష్మమైనది, దానితో తగాదాలూ సూక్ష్మమైనవి. దేశమంతటా బొగ్గు కంపెనీలకు, విద్యుత్ సంస్థలకు నడుమ బిల్లుల పేచీలు పెరిగినవి. 2015 తరువాత ధన్‌బాద్‌లోని కేంద్రీయ గనుల, ఇంధన పరిశోధన సంస్థ వంటి తటస్థుల చేత నమూనాలు తీయించే పద్ధతి బలపడినది. పక్కపక్కన ఉన్న ఇద్దరు ఒక అంకెను నమ్ముటకు మూడవవానిని పిలువవలసి వచ్చినది. ఇది సిగ్గుపడవలసిన మాట కాదు. నమ్మకం పుట్టుకతో రాదు. పదేపదే కలిసిన లెక్కలలోనుండి పుట్టును.

ఈ అంకె ఎవరికి కావలెను అని అడుగవచ్చును. బొగ్గు ఒక మెట్టు దిగితే కంపెనీ ఆదాయం దిగును. సింగరేణిలో కార్మికులకు లాభాలలో వాటా ఇచ్చే ఆచారమున్నది. ఆదాయం దిగితే దసరా ముందర కార్మికుని చేతికి అందేది దిగును. బొగ్గు పై మెట్టుదని లెక్కకట్టి, తగిన వేడి ఇవ్వకపోతే విద్యుత్కేంద్రపు ఖర్చు పెరుగును. అది చివరకు కరెంటు బిల్లుగా మన గడపకు వచ్చును. కనుక ప్రయోగశాలలోని ఆ చిటికెడు పొడిలో గని కార్మికుని కష్టమూ ఉన్నది, మన ఇంటి దీపమూ ఉన్నది.

బొగ్గు నిల్వల మాట ఒకటి మిగిలినది. విద్యుత్కేంద్రం పెరటిలో ఇన్ని రోజులకు సరిపడ బొగ్గు కుప్ప ఉండవలెనని నియమం. ఆ కుప్ప దేనికి? రేపు ఏమి వచ్చునో తెలియక. నిల్వ అనేది మన తెలియనితనానికి మనం కట్టే అద్దె. వార్త ఖచ్చితమైనకొద్దీ అద్దె తగ్గును; వార్త చెడినకొద్దీ పెరుగును. అయితే వార్త ఎంత చక్కనిదైనా కుప్పను పూర్తిగా తీసివేయరాదని 2011 బోధించినది. ఆ సెప్టెంబరు 13న ఆరంభమైన సకల జనుల సమ్మెలో సింగరేణి కార్మికులు నెలకు పైబడి బాయి దిగలేదు. రామగుండంలో ఉత్పత్తి తగ్గినది. అక్కడి కరెంటు పంచుకొనే దక్షిణాది రాష్ట్రాలన్నింటికీ ఆ సెగ తగిలినది. కుప్ప ఎన్నాళ్లకు వచ్చును అన్న ఒక్క అంకెను ప్రభుత్వం ఒక కంటితోను, సమ్మె చేసినవారు మరొక కంటితోను చూసినారు. వార్త అందరిదీ కావచ్చు. దాని అర్థం అందరికీ ఒకటి కాదు. భాగస్వాములు తమ నిల్వల గుట్టు విప్పుటకు వెనుకాడుటలో ఈ సత్యం కూడా ఉన్నది.

2021 అక్టోబరులో దేశంలోని విద్యుత్కేంద్రాల నిల్వలు సగటున నాలుగు రోజుల స్థాయికి పడిపోయినవి. ఆనాడు పత్రికలలో, సభలలో అందరూ మాటలాడినది కేంద్రీయ విద్యుత్ ప్రాధికార సంస్థ ప్రతిదినం వెల్లడించే నిల్వల పట్టిక గురించియే. ఏ కేంద్రంలో ఎన్ని టన్నులు, ఎన్ని రోజులు అన్నది దేశంలోని ఏ పౌరుడైనా చూడవచ్చును. సైరన్ వంటి వార్త ఈ గొలుసుకు ఇన్నాళ్లకు లభించినదనుకొందును. ఆ ఏడాది డిసెంబరులో నియమాలను సవరించి, గని ముంగిట ఉన్న కేంద్రాలకు ఋతువును బట్టి 12నుండి 17 రోజులు, దూరపు కేంద్రాలకు 20నుండి 26 రోజులు నిల్వ ఉండవలెనన్నారు. రైల్వే కూడా తన సరుకు రైళ్ల జాడను కంప్యూటరులో అప్పటికప్పుడు చూపే ఏర్పాటు చేసుకొన్నది. ఒకప్పుడు తంతి తీగమీద నడిచిన కబురు ఇప్పుడు తెరమీద వెలుగుతున్నది.

వీటన్నింటికంటె నాకు ముచ్చట గొలిపే ఘట్టం మరొకటి ఉన్నది. 2016లో మంచిర్యాల ప్రాంతంలోని జైపూరువద్ద సింగరేణి సంస్థ 1,200 మెగావాట్ల సొంత విద్యుత్కేంద్రాన్ని నడుపసాగినది. నూరేండ్లకు పైగా బొగ్గు అమ్మినవాడు బొగ్గు కాల్చేవాడు కూడా అయినాడు. బొగ్గులో రాయి వస్తే కొలిమికి ఎట్టి బాధయో, తడిసిన బొగ్గు కన్వేయరుమీద ఎట్లు అంటుకొనునో ఇక తన ఇంటనే తెలియును. అత్తగా మారిన కోడలికి రెండు పక్షాలూ తెలిసినట్లే. ఎదుటివాని పొయ్యి దగ్గర నిలబడి చూచుటకంటె గొప్ప సమాచారం లేదు.

ఇన్నిచెప్పినను గొలుసు రెండు కొసల సంగతి మరువరాదు. ఒక కొసన నేల లోపలి కార్మికుడు. రెండవ కొసన మోటారు పక్కన కరెంటు కొరకు వేచియుండే రైతు. ఈ నూరేండ్ల చరిత్రలో నడుమ ఉన్న సంస్థలు ఒకదానితో ఒకటి మాటలాడుకొనుట నేర్చుకొన్నవి. కరెంటు ఏ వేళకు వచ్చునో, ఏ వేళకు పోవునో ముందుగా తెలిసిన రైతు రాత్రంతా పొలంలో జాగారం చేయనక్కరలేదు. తాను తీసిన బొగ్గు ఏ మెట్టున నిలిచినదో తెలిసిన కార్మికుడు రాయిని బొగ్గునుండి వేరుచేయుటలో మరింత శ్రద్ధ చూపును. వార్త కొసలకు చేరినప్పుడే గొలుసు పూర్తి అగును.

బొగ్గుకు ముందు వార్త నడవవలెను. వార్తకు ముందు ఇద్దరూ ఒప్పుకొన్న కొలత ఉండవలెను. రామగుండం పట్టాలు, కాటాలు, మూడవ పొట్లపు లక్క ముద్ర మనకు చెబుతున్నది ఇదే. మరల షిఫ్టు మారే వేళ సైరన్ కూసినప్పుడు వినండి. అది ఒకరికొక మాట, మరొకరికొక మాట చెప్పదు.